కొల్లేరు చిక్కితే కడలికీ కష్టమే!

* మంచినీటి సరస్సుకు, సముద్రానికి వారధి ఉప్పుటేరు
* వేసవిలో ఎగబాకుతున్న ఉప్పునీరు
* జలచరాల రాకపోకలకు అడుగడుగునా అడ్డంకులు
* సరస్సును, తీరాన్ని కలిపి కాపాడితేనే ఫలితం

ఏలూరు: వర్షాకాలంలో ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పరుగులు తీసే నీటిని చూసి 'ఎంత నీరు వృథాగా పోతోందో' అని నిట్టూర్చేవారే అధికం. అదే వేసవిలో కడలి నీరు ఉప్పుటేరు వెంట వెనుకకు తన్నుకొచ్చి కాల్వలను, చెరువులను ఉప్పగా మార్చినప్పుడు ఆ నీటి విలువ ఏమిటో తెలిసివస్తుంది. సరస్సు నుంచి సముద్రానికి చేరే మంచినీరు వృథా కాదు. ఉప్పునీటిని హద్దులో నిలిపేది అదే. సముద్రంలో చేపలకు మేత మోసుకుపోయేది అదే. రొయ్యపిల్లలకు దారి చూపేదీ అదే. కొల్లేరును మంచినీటి సమస్యగా, తీరాన్ని మత్స్య సమస్యగా విడదీసి చూడటం వల్ల రెంటికీ నష్టం వాటిల్లుతోంది.

రెండు డెల్టాల నడుమ పళ్లెం

కృష్ణా, గోదావరి నదులు వేల సంవత్సరాలుగా ఒండ్రు మేటవేసి రెండు డెల్టాలను నిర్మించాయి. ఆ రెంటి నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. దేశంలోని అతి పెద్ద మంచినీటి సరస్సుల్లో ఇదొకటి. ఉమ్మడి కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య విస్తరించిన ఈ సరస్సు 2022 నాటి జిల్లాల పునర్విభజన తర్వాత ప్రధానంగా ఏలూరు జిల్లా పరిధిలోకి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు మెట్ట ప్రాంతం నుంచి వర్షపు నీటిని తెచ్చి ఇందులో కలుపుతాయి. రెండు డెల్టాల సాగు భూముల నుంచి మురుగు కాల్వలూ ఇక్కడికే చేరుతాయి. ఇన్ని దారుల్లో వచ్చే నీరు బయటకు పోవడానికి ఉన్నది ఒక్కటే మార్గం. అదే ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్ల దూరం వంకరలు తిరుగుతూ ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేరు లోతైన సరస్సు కాదు, పళ్లెం వంటిది. అందువల్లనే దీని విస్తీర్ణాన్ని ఎకరాల్లో కంటే 'కాంటూరు'లలో చెప్పడం ఆనవాయితీ. సముద్ర మట్టం కన్నా ఎన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచిందో తెలిపే రేఖే కాంటూరు. మూడో కాంటూరు వద్ద సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు కాగా, ఐదో కాంటూరు వద్ద అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరుకు చేరేసరికి సుమారు 901 చదరపు కిలోమీటర్లకు పెరుగుతుంది. అంటే నీటిమట్టం కేవలం రెండడుగులు తగ్గితే సరస్సు సగానికి పైగా కుంచించుకుపోతుంది. కాంటూరును ఐదు నుంచి మూడుకు కుదించాలన్న డిమాండు వచ్చినప్పుడల్లా ఇంత వివాదం రేగడానికి కారణం ఇదే.

ఈ పళ్లెం ఉన్నందువల్లనే డెల్టా వరదల నుంచి కొంతైనా తెరిపిన పడుతోంది. భారీ వర్షాలు కురిసినప్పుడు కొల్లేరుకు లక్ష క్యూసెక్కులకు పైబడి నీరు చేరగలదని ఇంజినీర్లు లెక్కకట్టారు. అందులో కొద్ది భాగాన్ని మాత్రమే ఉప్పుటేరు ఏ రోజుకారోజు మోసుకుపోగలదు. మిగిలిన నీటిని సరస్సు తనలో నిలుపుకొని, వారాల తరబడి నెమ్మదిగా సముద్రానికి విడుదల చేయాలి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు నీట మునిగాయి. ఆ నీరే తర్వాత దిగువకు సాగి కొల్లేటి లంక గ్రామాలను చుట్టుముట్టింది. నీరు విస్తరించవలసిన చోట గట్లు ఉంటే వరద ఎటు పోతుందన్న ప్రశ్న అప్పుడు మరోసారి ముందుకు వచ్చింది.

కడలి ఎందుకు ఎగబాకుతుంది?

సముద్రంలో రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు సహజం. పౌర్ణమి, అమావాస్యల నాడు పోటు మరింత ఎత్తున లేస్తుంది. పోటు సమయంలో కడలి నీరు ఏటి మొగ గుండా లోపలికి ప్రవేశిస్తుంది. ఎగువ నుంచి మంచినీరు బలంగా వస్తున్నప్పుడు ఆ చొరబాటు మొగ దగ్గరే ఆగిపోతుంది. ప్రవాహం సన్నగిల్లినప్పుడు అడ్డేమీ ఉండదు. ఉప్పునీరు మంచినీటి కన్నా బరువైనది కనుక అది ఏటి అడుగుభాగాన నాలుక చాచినట్లు ముందుకు సాగుతుంది. పైన నీరు తియ్యగానే ఉన్నా అడుగున ఉప్పు చేరి ఉంటుంది. కొల్లేరు అడుగుభాగం సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉన్నందున సరస్సు ఎండిన వేసవిలో ఉప్పునీరు ఏటి వెంట చాలా దూరం వెనుకకు రాగలదు.

భూమి లోపల ఇంతకన్నా ప్రమాదకరమైన మార్పు చోటుచేసుకుంటుంది. తీర ప్రాంతాల్లో మంచినీరు ఉప్పునీటిపై తేలుతున్నట్లు ఉంటుంది. సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున భూగర్భంలో మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరే లభిస్తుందన్నది జలవిజ్ఞానంలో స్థిరపడిన సూత్రం. దీన్నే తిరగవేసి చూస్తే ముప్పు ఎంతటిదో అర్థమవుతుంది. బోర్లతో తోడటం వల్లగానీ, సరస్సు ఎండటం వల్లగానీ పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, అడుగున ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగుల మేర పైకి లేచే అవకాశం ఉంది. ఒకసారి ఉప్పు ఎక్కిన బావి మళ్లీ తియ్యబడటానికి ఏళ్లు పడుతుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండటం మేలని, వేరే నీరు దొరకని చోట 2000 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఈ లెక్కన బిందెడు సముద్రపు నీరు కలిస్తే దాన్ని తాగేందుకు వీలుగా పలచన చేయడానికి సుమారు 70 బిందెల స్వచ్ఛమైన నీరు కావాలి. వరి పైరుకూ ఉప్పు గిట్టదు. నారు దశలోను, పూత దశలోను నీటిలో ఉప్పు పెరిగితే గింజ తాలుగా మారుతుంది. చుట్టూ నీరున్నా తాగడానికి డబ్బాల నీటిని కొనుక్కోవలసి రావడం కొల్లేటి, తీర గ్రామాల ప్రజలకు నిత్యానుభవం.

జలచరాలకు రెండిళ్ల కాపురం

మంచినీటికి, ఉప్పునీటికి మధ్య గీత గీసుకున్నది మనుషులే. జలచరాలకు ఆ గీత లేదు. చాలా జాతులు జీవితంలో కొంత కాలం ఒక నీటిలోను, మరికొంత కాలం వేరొక నీటిలోను గడుపుతాయి. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వెలువడే పిల్లలు పోటుతో పాటు మొగలోకి కొట్టుకొచ్చి, మడ అడవుల వేళ్ల మధ్య, నిలకడైన నీటిలో కొన్ని నెలలు పెరిగి, ఆపై కడలికి మరలుతాయి. స్కాంపి అని పిలిచే మంచినీటి రొయ్యది సరిగ్గా దీనికి విరుద్ధమైన ప్రయాణం. అది ఏర్లలో, సరస్సుల్లో జీవిస్తుంది. గుడ్లతో ఉన్న తల్లి రొయ్య ఉప్పు కలిసిన నీటిని వెతుక్కుంటూ దిగువకు పోతుంది. దాని లార్వాలు పూర్తి మంచినీటిలో బతకలేవు. కాస్త ఎదిగిన పిల్లలు తిరిగి ఏటికి ఎదురీదుతూ ఎగువకు వస్తాయి.

జిల్లా వాసులు ఇష్టంగా తినే పండుగప్పదీ ఇదే తీరు. ఇది ఏటి మొగల సమీపంలోని ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు కాల్వలు, ఏర్ల వెంట లోపలికి వచ్చి పెరుగుతాయి. ఈ చేపకు మరో విశేషం ఉంది. తొలుత మగ చేపగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడ చేపగా మారుతుంది. కాబట్టి పెద్ద పండుగప్పలన్నీ దాదాపు గుడ్లు పెట్టే ఆడ చేపలే. పెద్దవాటిని వరుసగా పట్టేసినా, పిల్లలు లోపలికి వచ్చే దారి మూసేసినా ఆ జాతి తరిగిపోతుంది.

దారి మూస్తే ఏమవుతుందో చెప్పడానికి పొరుగునే ఉన్న గోదావరి సాక్ష్యం. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే పులస చేపకు ధవళేశ్వరమే చివరి మజిలీ. 1852లో పూర్తయిన ఆనకట్ట, ఆపై దాని స్థానే వెలసిన బ్యారేజీ దాటి అది ఎగువకు పోలేదు. బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ 1975లో ప్రారంభమైన తర్వాత ఎగువ గంగలో ఇదే జాతి చేప దాదాపు కనుమరుగైంది.

ఏటి నీరు కడలికి మోసుకుపోయే సంపద మరొకటి ఉంది. అది ఒండ్రు, పోషకాలు. మొగల వద్ద ఈ పోషకాలు అందినప్పుడు కంటికి కనిపించనంత చిన్న మొక్కలు, జీవులు నీటిలో వృద్ధి చెందుతాయి. వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. వేటకు వెళ్లే మత్స్యకారులు ఏటి మొగల ఎదుట వలలు వేయడం వెనుక ఉన్న అనుభవ జ్ఞానం ఇదే. మంచినీటి రాక తగ్గితే పోషకాలు తగ్గుతాయి. ఒండ్రు తగ్గితే తీరం కోతకు గురవుతుంది. కృష్ణా, గోదావరిపై ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడం డెల్టా తీరపు కోతకు ఒక ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు.

చెరువులుగా మారిన సరస్సు

కొల్లేటి లంక గ్రామాల ప్రజలు తరతరాలుగా చేపల వేటతో, నీరు తీసిన నేలల్లో దాళ్వా సాగుతో జీవనం సాగించారు. తాటిదోనెలు, మావులు, చిన్న వలలే వారి సాధనాలు. కొర్రమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి వంటి నాటు చేపలకు సరస్సు పుట్టినిల్లు. 1970వ దశకంలో మత్స్యకార సహకార సంఘాల ద్వారా చేపల చెరువుల తవ్వకానికి ప్రభుత్వమే శ్రీకారం చుట్టింది. పేద కుటుంబాలకు స్థిరమైన ఆదాయం కల్పించాలన్నది నాటి ఉద్దేశం. బొచ్చె, శీలావతి పెంపకం లాభసాటిగా ఉందని తేలాక పెట్టుబడిదారుల చూపు ఇటు మళ్లింది. సంఘాల చెరువులు క్రమంగా కౌలు పేరిట బయటివారి చేతుల్లోకి పోయాయి. కొత్త గట్లు సరస్సు నడిబొడ్డుకు చేరాయి. ఏర్లు సరస్సులో కలిసే దారులు, సరస్సు ఉప్పుటేరును కలిసే దారులు ఇరుకయ్యాయి.

ఈ పరిస్థితుల్లో 1999లో ప్రభుత్వం జీవో 120 ద్వారా ఐదో కాంటూరు వరకు కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా దీనికి గుర్తింపు లభించింది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని వేల ఎకరాల చెరువుల గట్లను యంత్రాలతోను, పేలుడు పదార్థాలతోను ధ్వంసం చేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. ఆ ప్రతిపాదనను పరిశీలించేందుకు కేంద్రం నియమించిన డాక్టర్ అజీజ్ కమిటీ, ఐదో కాంటూరు వరకు అభయారణ్యం కొనసాగాలనే సూచించింది. అటుపై మళ్లీ గట్లు లేచాయన్న ఫిర్యాదులు న్యాయస్థానాల దాకా వెళ్లాయి.

గట్లను కూల్చినంత వేగంగా ప్రజల బతుకుదెరువు సమస్య పరిష్కారం కాలేదన్నది కాదనలేని వాస్తవం. ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. తమ పట్టా భూమిలో సాగు చేసుకోవద్దన్నప్పుడు పరిహారం చెల్లించడమో, భూమిని సేకరించడమో చేయాలని యజమానులు కోరుతున్నారు. సంఘాల చెరువులు పోయిన పేద కుటుంబాలు ప్రత్యామ్నాయ ఉపాధి ఏదని ప్రశ్నిస్తున్నాయి. ఇందులో న్యాయం ఉంది. అయితే పేదల పేరు చెప్పి పెద్ద విస్తీర్ణాల్లో చెరువులు నడిపేవారి ప్రయోజనాన్ని, దోనెపై వేటాడి కుటుంబాన్ని పోషించేవారి హక్కును ఒకే గాటన కట్టడం తగదు. అభయారణ్య నిబంధనలు సంప్రదాయ వేటను నిషేధించలేదు. సరస్సు నిండుగా, నాటు చేపలతో ఉంటే మొదట లాభపడేది చిన్న మత్స్యకారులే.

మురుగు నీటి బెడద

కొల్లేరుకు నీరు వస్తే చాలదు. ఎటువంటి నీరు వస్తోందన్నదీ ముఖ్యమే. పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు, పురుగు మందుల అవశేషాలు ఏర్లు, మురుగు కాల్వల ద్వారా సరస్సును చేరుతున్నాయి. చేపల చెరువులను ఖాళీ చేసినప్పుడు అడుగున చేరిన మేత వ్యర్థాలు, మందుల అవశేషాలూ కాల్వల్లోకే పోతాయి. ఈ పోషకాలతో గుర్రపుడెక్క విపరీతంగా పెరిగి నీటిపై దట్టంగా కమ్ముకుంటుంది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి పడిపోయి చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరవడం, కొన్నిసార్లు గుంపులుగా మృతిచెందడం ఇందువల్లనే.

సరస్సు ఆరోగ్యంగా ఉన్నప్పుడు తుంగ, కిక్కిస వంటి మొక్కలు ఈ మురుగును కొంతవరకు వడకట్టి, తేరిన నీటిని ఉప్పుటేరుకు అందిస్తాయి. ఆ మొక్కలున్న నేలను తవ్వేసి చెరువులుగా మార్చినచోట వడపోత ఆగిపోయింది. శుద్ధి కాని నీరు నేరుగా మొగకు, అక్కడి నుంచి తీరానికి చేరుతుంది. సరిగ్గా రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగే చోటే ఆ మురుగు నిలుస్తుంది. సరస్సులో తవ్విన గట్టు ప్రభావం సముద్రంలో వేసిన వలలో కనిపిస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

మరో ముప్పు ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దేశంలో దీని పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. అయినా చాటుమాటుగా పెంచి, కోళ్ల వ్యర్థాలను మేతగా వేస్తున్న ఉదంతాలు కొల్లేరు పరిసరాల్లో పలుమార్లు బయటపడ్డాయి. వరదల్లో గట్లు తెగితే ఈ చేపలు సరస్సులోకి చేరి నాటు చేపల పిల్లలను, గుడ్లను తినేస్తాయి.

చిలికా చూపిన దారి

దెబ్బతిన్న సరస్సును తిరిగి నిలబెట్టడం సాధ్యమేనని పొరుగు రాష్ట్రం ఒడిశాలోని చిలికా నిరూపించింది. మొగ పూడిపోయి, కడలి నీటి రాకపోకలు మందగించి, కలుపు మొక్కలు కమ్మేయడంతో చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. చిలికా అభివృద్ధి సంస్థ శాస్త్రీయ అధ్యయనం జరిపించి, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తెరిచింది. పూడిక తొలగించింది. ఎగువ పరివాహక ప్రాంతంలో మట్టి కొట్టుకురాకుండా గ్రామస్తులతో కలిసి పనులు చేపట్టింది. చేపలు, పీతలు, రొయ్యల దిగుబడి కొద్ది సంవత్సరాల్లోనే అనేక రెట్లు పెరిగింది. 2002లో ఆ సరస్సును ప్రమాద జాబితా నుంచి తొలగించారు. అదే ఏడాది రామ్‌సర్ సంరక్షణ పురస్కారమూ దక్కింది.

చిలికాది ఉప్పు, మంచినీరు కలిసిన సరస్సు. కొల్లేరుది మంచినీటి స్వభావం. అక్కడ మొగ తెరవడం మందు కాగా, ఇక్కడ అదే పని చేస్తే ఉప్పు ముంచెత్తుతుంది. కనుక చిలికా పద్ధతిని యథాతథంగా అనుకరించడం కుదరదు. నేర్వవలసింది పనిచేసిన తీరును. అక్కడ పరివాహక ప్రాంతం, సరస్సు, మొగ ఈ మూడింటినీ ఒకే సంస్థ ఒకటిగా చూసింది. ఇక్కడ సరస్సు అటవీశాఖది, ఏరు జలవనరుల శాఖది, చేప మత్స్యశాఖది, మురుగు కాలుష్య నియంత్రణ మండలిది, భూమి రెవెన్యూ శాఖది. ఎవరి దస్త్రం వారిదే.

రెగ్యులేటర్లు ఒక్కటే చాలవు

ఉప్పునీటి చొరబాటును అడ్డుకునేందుకు ఉప్పుటేరుపై పడతడిక, దుంపగడప, మొల్లపర్రు వద్ద రెగ్యులేటర్లు నిర్మించాలన్న ప్రతిపాదనలు 2020లో రూపుదిద్దుకున్నాయి. వేసవిలో సరస్సులో నీటిని నిలిపి, పోటు నీటిని ఆపడం వీటి లక్ష్యం. ఈ అవసరాన్ని తోసిపుచ్చలేము. అదే సమయంలో ఏటికి అడ్డంగా గేట్లు దించితే ఉప్పుతో పాటు చేపల దారీ మూతపడుతుందన్న విషయాన్ని విస్మరించరాదు. ధవళేశ్వరం వద్ద పులసకు జరిగిందే ఉప్పుటేరులో స్కాంపికి, పండుగప్పకు జరగకుండా ముందే జాగ్రత్తపడాలి.

ఇందుకు మార్గాలున్నాయి. గేట్ల పక్కన చేపలు మెట్లుమెట్లుగా ఎక్కి దాటేందుకు వీలుగా 'చేపల దారి' నిర్మించవచ్చు. పిల్లలు ఎదురీదే నెలల్లో, ఎగువన తగినంత నీరున్న వేళల్లో గేట్లను పాక్షికంగా తెరిచి ఉంచవచ్చు. ఏ నెలలో ఏ జాతి పిల్లలు ఏ దిశగా పోతాయో తీర గ్రామాల మత్స్యకారులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గేట్ల నిర్వహణ పట్టికను వారితో చర్చించి రూపొందిస్తే నిర్మాణ వ్యయంలో పైసా పెరగకుండానే ఎంతో మేలు జరుగుతుంది. ఉప్పుటేరులో ప్రవాహానికి అడ్డంగా వెలసిన వలకట్లను తొలగించి, పూడిక తీయకుండా గేట్లు మాత్రమే నిర్మిస్తే వరద సమయంలో మునక మరింత పెరిగే ప్రమాదమూ ఉంది.

తీరంలో చేయవలసినవి

మొగ వద్ద మడ అడవుల పెంపకం వీటిలో మొదటిది. మడ చెట్ల వేళ్లు జలచరాల పిల్లలకు ఆశ్రయమిస్తాయి. అలల ఉధృతిని తగ్గిస్తాయి. మడ పెరగాలన్నా ఉప్పునీటితో పాటు కొంత మంచినీరు అందుతుండాలి. ఏటి నీరు పూర్తిగా ఆగినచోట నాటిన మడ మొక్కలు ఎదగక గిడసబారిపోతాయి. తీరంలో రొయ్యల చెరువుల విస్తరణపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం హద్దులు నిర్దేశించాయి. వాటిని క్షేత్రస్థాయిలో పాటింపజేయడమే మిగిలింది.

రెండోది వేట నిషేధ కాలాన్ని గౌరవించడం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం అమలవుతోంది. ఎన్నో జాతులు గుడ్లు పెట్టే కాలమది. సముద్రంలో నిషేధం పాటించినా, మొగల్లోను, కాల్వల్లోను దోమతెర వంటి వలలతో పిల్లలను ఊడ్చేస్తే ప్రయోజనం శూన్యం. మూడోది తాబేళ్ల రక్షణ. శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వస్తాయి. ఇసుకలో గొయ్యి తవ్వి ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెడతాయి. ఇవి ఊపిరితిత్తులతో శ్వాసించే జీవులు. ట్రాలర్ల వలల్లో చిక్కి పైకి రాలేక ఊపిరాడక మరణిస్తాయి. వలకు తాబేలు తప్పించుకునే పరికరం అమరిస్తే చేపలు వలలోనే ఉండి తాబేలు బయటపడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ ప్రాణులను చంపడం, గుడ్లు సేకరించడం నేరం.

ఎవరి వంతు వారిది

* రెవెన్యూ, అటవీ శాఖలు ఐదో కాంటూరు హద్దులను నేలపై స్పష్టంగా గుర్తించి, రాళ్లు పాతాలి. హద్దు తెలియనంత కాలం ఆక్రమణకు, అనవసర వేధింపుకు రెంటికీ తావుంటుంది.
* జిరాయితీ భూముల పరిహారాన్ని తేల్చాలి. సంప్రదాయ వేటపై ఆధారపడిన కుటుంబాలను గుర్తించి, సరస్సు పనుల్లో వారికే తొలి ప్రాధాన్యమివ్వాలి.
* పట్టణాల మురుగును శుద్ధి చేశాకనే ఏర్లలోకి వదలాలి. పురపాలక సంఘాలు దీన్ని తమ బాధ్యతగా గుర్తించాలి.
* వేసవిలో సరస్సులో కనీస నీటిమట్టం ఉండేలా, ఉప్పుటేరుకు కొంత ప్రవాహం సాగేలా సాగునీటి ప్రణాళికలోనే కేటాయింపు ఉండాలి.
* చేపల రైతులు చెరువు నీటిని వదిలే ముందు తేర్పు గుంటలో నిలిపితే అడుగు మడ్డి అక్కడే ఆగుతుంది. చచ్చిన చేపలను కాల్వల్లో పారవేయక పూడ్చిపెట్టాలి.
* వరి రైతులు ఎరువుల మోతాదును భూసార పరీక్షల ఆధారంగా నిర్ణయించుకుంటే ఖర్చూ, కాలుష్యమూ తగ్గుతాయి.
* గ్రామాల్లో మంచినీటి చెరువులకు గట్టు పటిష్ఠం చేసుకుని, కాల్వ నీరు తియ్యగా ఉన్న నెలల్లోనే నింపుకోవాలి. పాఠశాలల విద్యార్థులు చవకైన పరికరంతో నీటి ఉప్పదనాన్ని నెలనెలా కొలిచి పంచాయతీ బోర్డుపై రాస్తే ముప్పు ముందుగానే తెలుస్తుంది.

కైకలూరు సమీపంలోని ఆటపాకలో ఇనుప స్టాండ్లపై గూళ్లు కట్టుకుంటున్న గూడకొంగలను చూసేందుకు ఏటా శీతాకాలంలో సందర్శకులు తరలివస్తారు. చెట్లు కరవైన చోట మనుషులు అమర్చిన స్టాండ్లనే అవి నెలవుగా చేసుకున్నాయి. కాస్త చోటు, కాస్త నీరు, కాస్త ప్రశాంతత కల్పిస్తే ప్రకృతి ఎంత త్వరగా కోలుకుంటుందో ఆ పక్షులు చెబుతున్నాయి. అవి తినే చేప సరస్సులో పుట్టి ఉండవచ్చు, కడలి నుంచి ఏటికి ఎదురీది వచ్చి ఉండవచ్చు. ఆ రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడే కొల్లేటి లంకల్లో దోనె కదులుతుంది, తీరంలో పడవ కదులుతుంది. ఈ వేసవికి ముందే ఉప్పుటేరులో పూడిక, వలకట్ల సంగతి తేల్చాలన్నది రెండు వైపులా ఉన్న గ్రామాల ప్రజల కోరిక.